తండా దాటితే హోదా మారుతుంది

వానలు తప్పి వేరుశనగ ఎండిన ఏడాది కదిరి ప్రాంతపు సుగాలి తండాల నుంచి కుటుంబాలు బెంగళూరు బస్సెక్కుతాయి. అలా జిగణికి వచ్చే పిల్లలకు సరిహద్దు దాటగానే హోదా మారిపోతుంది.

ఆంధ్రప్రదేశ్‌లో సుగాలీలు షెడ్యూల్డ్ తెగ. కర్ణాటకలో లంబాణీలు షెడ్యూల్డ్ కులం. పైగా సొంత రాష్ట్రంలోని హోదా వలస వెళ్లిన రాష్ట్రంలో చెల్లదని 1990లో మర్రి చంద్రశేఖరరావు కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఆచరణలో, కరవు తరిమినవారికీ ఇదే లెక్క.

అయితే సొంత రాష్ట్రంలో ఆ హోదా పోదు. అందుకే తల్లిదండ్రులు ఊళ్లో ఇచ్చిన ఎస్టీ ధ్రువపత్రాన్ని భద్రంగా ఉంచుకోవాలి. రేపు అక్కడి కాలేజీ సీటుకు అదే ఆధారం.

ఇక బడుల సంగతి. టీసీ ఆలస్యమైందని ప్రవేశం ఆపకూడదని 2009 విద్యాహక్కు చట్టం చెబుతోంది. 2014లో సుప్రీంకోర్టు మైనారిటీ బడులను ఆ చట్టం నుంచి మినహాయించింది. ఆ మినహాయింపు మనం తలుపు మూయడానికి సాకు కాకూడదు.

ఈ పిల్లల ఇంటి మాట గోర్‌బోలి, ఊరిబడి భాష తెలుగు, ఇక్కడి వీధి భాష కన్నడం. వెంట తెచ్చుకున్న చదువు తెలుగులోనే ఉంది. దాన్ని కొనసాగించే బడి మనదే. టీసీ వచ్చేదాకా ఆగకుండా ముందు తరగతిలో కూర్చోబెడదాం.