సంతకం ఎప్పుడు పెట్టాలి?

పుంగనూరు నుంచి నేను మదనపల్లెకు ఇంజినీరింగ్ చదవడానికొచ్చాను, నా ఫ్రెండు కుప్పం పీఈఎస్‌లో ఎంబీబీఎస్‌కి వెళ్లాడు. వాడి ప్రశ్న ఒకటే: "డాక్టర్ అవుతూనే ఆర్మీకి పనికి రావాలంటే ఏది మేలు? ఎన్‌సీసీనా, టెరిటోరియల్ ఆర్మీనా, షార్ట్ సర్వీసా?"

మూడూ ఒకే గాటన కట్టేవి కావు. ఎన్‌సీసీ చదువుతోపాటే నడుస్తుంది. 1948 నాటి చట్టం ప్రకారం క్యాడెట్‌ని యుద్ధ సేవకు పిలవరు. 'సి' సర్టిఫికెట్ ఉంటే ఆర్మీ స్పెషల్ ఎంట్రీకి రాత పరీక్ష ఉండదు. కాకపోతే అది మామూలు ఆఫీసర్ దారి, డాక్టర్ దారి కాదు.

టెరిటోరియల్ ఆర్మీ మన అసలైన రిజర్వు. ఆఫీసర్ కావాలంటే డిగ్రీతోపాటు సొంత సంపాదన ఉండాలి, వయసు 18 నుంచి 42. అంటే స్టూడెంట్‌కి ఇప్పుడే తలుపు తెరుచుకోదు. పైగా అది సెలవుల సరదా కాదు. 2025 మేలో ఆపరేషన్ సిందూర్ వేళ, అవసరమైతే ఆ బలగాన్ని పిలిపించే అధికారం కేంద్రం ఆర్మీ చీఫ్‌కి ఇచ్చింది. ఓపీలో పేషెంట్లు క్యూలో ఉన్నా సరే, పిలుపొస్తే వెళ్లాల్సిందే.

షార్ట్ సర్వీస్‌లో ఇంటర్న్‌షిప్ అయ్యాక కెప్టెన్ హోదాలో ఆర్మీ డాక్టర్‌గా చేరతారు. మొదట ఐదేళ్లు, ఇష్టమైతే పొడిగింపు. ఎంబీబీఎస్ వాళ్లకి 30 ఏళ్లలోపు అవకాశం.

నా మాటేంటంటే, చదివినన్నాళ్లూ మనల్ని కట్టిపడేయని దాంట్లోనే ఉండాలి. కాలేజీలో ఎన్‌సీసీ ఉంటే చేరాలి. ఏళ్లు రాసిచ్చే సంతకం మాత్రం హౌస్ సర్జన్సీ ముగిశాకే. రాత్రి డ్యూటీలు చేసి, చావు చూసి, పీజీ కావాలో వద్దో తేలాక పెట్టే సంతకానికి బరువుంటుంది.

"అప్పటికి ఉత్సాహం చల్లారిపోతుంది కదా" అంటారు కొందరు. చల్లారితే చల్లారనీండి. నాలుగేళ్లలో ఆరిపోయే కోరికను నమ్మి బాండు రాస్తే, మధ్యలో నలిగేది మనమూ, మన చేతిలో పడే జవానూ.

ఇంకొందరికి ఫీజు అప్పు తీరాలి. అది తప్పు కాదు. కానీ అప్పు లెక్క వేరు, సేవ లెక్క వేరు. రెండూ ఒకే కాగితం మీద రాసుకుని, దానికి దేశభక్తి అని పేరు పెట్టొద్దు.

మనకీ ఇదే లెక్క. టెక్నికల్ షార్ట్ సర్వీస్ అంటే పదేళ్లు. ప్లేస్‌మెంట్ రాలేదన్న కోపంలో ఆ ఫారం నింపకండి.