తడి టెంక లెక్క

మామిడి గుజ్జు ఫ్యాక్టరీలోకి వెళ్లిన పండు బరువులో మూడో వంతు నుంచి సగం దాకా తొక్కగా, టెంకగా, పీచుగా బయటికొస్తుంది. ఇదంతా చేజేతులా పారబోస్తున్న సంపద అన్న మాట సదస్సుల్లో బాగా చెల్లుబాటవుతోంది. తొక్కలో గడ్డకట్టించే పెక్టిన్ ఉంది, టెంక లోపలి జీడిలో చాక్లెట్‌కు పనికొచ్చే కొవ్వు ఉంది, తీసుకోవడమే తరువాయి అంటారు. రెండూ ఉన్న మాట నిజమే. 2000 నాటి యూరోపియన్ యూనియన్ చాక్లెట్ ఆదేశం కోకో వెన్న కాక 5 శాతం దాకా అనుమతించిన ఆరు కొవ్వుల్లో మామిడి జీడి కొవ్వు ఒకటి. లెక్క తప్పేది ఆ ‘తరువాయి’ దగ్గరే.

చిత్తూరు ప్రాంతంలో గుజ్జుకు వెళ్లేది ఎక్కువగా తోతాపురి. టన్ను కాయకు టెంక 150 కిలోలనుకుంటే అందులో జీడి సగం. ఆ జీడిలోనూ దాదాపు సగం నీళ్లే. ఎండాక మిగిలే 37 కిలోల్లో కొవ్వు సుమారు పదో వంతు, అంటే నాలుగు కిలోలకు లోపే. దానికోసం టెంకలు ఏరాలి, కడగాలి, పగలగొట్టాలి, ఎండబెట్టాలి.

ఎండబెట్టడమే అసలు చిక్కు. గుజ్జు పని జోరందుకునే జూన్, జులైలలోనే నైరుతి వానలూ వస్తాయి. గుజ్జు తీసే పల్పర్ నుంచి పడ్డ టెంక పీచుకు గుజ్జు అంటుకుని జిగటగా ఉంటుంది. కుప్పపోస్తే లోపల వేడెక్కుతుంది. కొన్నాళ్లకు పగలగొట్టి చూస్తే జీడి నల్లబడి, బూజు పట్టి ఉంటుంది. తేమ ఉన్నంతసేపూ ఎంజైములు కొవ్వును విడగొట్టి ఆమ్లాలుగా మారుస్తాయి, శుద్ధిలో తరుగు పెరుగుతుంది. ముప్పాతిక వంతు నీళ్లుండే తొక్క పులిస్తే పెక్టిన్‌కు గడ్డకట్టించే గుణం తగ్గిపోతుంది. ప్రపంచానికి పెక్టిన్ ప్రధానంగా నిమ్మజాతి తొక్కల నుంచి, ఆపిల్ పిప్పి నుంచి వస్తోందంటే, ఆ తొక్కను చెడకముందే కడిగి ఎండబెట్టే ఏర్పాటు ఉండబట్టే.

కాబట్టి కొరత పరిశోధనది కాదు, డ్రయ్యర్‌ది. తొక్కా టెంకా కలిసి ఒకే ట్రాక్టర్ ట్రాలీలో పడ్డాక ఏ ప్రయోగశాలా పెద్దగా చేయగలిగిందేమీ లేదు. రెండు మూడు నెలల సీజన్‌కు డ్రయ్యర్ దండగ అన్న అభ్యంతరంలో బలముంది. అయితే ఎండిన టెంక పెంకునే పొయ్యిలో కాల్చుకుంటే ఇంధనం ఖర్చు కొంత తగ్గుతుంది.

డ్రయ్యర్ కుదరని చోట మిగిలేది పశువుల మేత. సంపద గురించి చెప్పేవాళ్లు దీన్ని చిన్నచూపు చూస్తారు గానీ, పాడి ఉన్న ప్రాంతంలో అన్నిటికన్నా నిలకడైన దారి ఇదే. పచ్చి తొక్కను ఒక్కసారిగా ఎక్కువ పెడితే ఆవు కడుపులో ఆమ్లం పెరిగి అది మేత మానేస్తుంది. వరిగడ్డితో కలిపి పాతర వేస్తే గడ్డి తొక్కలోని నీటిని పీల్చుకుంటుంది. గాలి చొరకుండా అదిమి మూసిన ఆ మేత మామిడి సీజన్ దాటాక కూడా పనికొస్తుంది.