అచ్చంపేట వాగులు – బి.టి. ప్రత్తి

అచ్చంపేట ప్రాంతమున ప్రత్తి తీయుట ముగిసిన పిమ్మట కట్టెలు పెఱికి గట్లపై వేయుట వాడుక. వానిలో కొన్ని కాల్పబడును. తక్కినవి రాలిన యాకులతో గూడ తొలకరి వానకు వాగు పాలగును. ఇచ్చటి నుండి ఉత్తరముగా పాఱు నీరు దిండిలోనికిని, దిండి కృష్ణలోనికిని జేరుచున్నవి. ఈ చెత్తతో నీటిలోనికి బోవుచున్నదేమి యని యడుగుటకై నేడిది వ్రాయుచున్నాము.

బి.టి. ప్రత్తికి భారత ప్రభుత్వము 2002 మార్చిలో అనుమతి నొసగెను. నేలలో సహజముగా నుండు నొక సూక్ష్మజీవి జన్యువును మొక్కలోనికి జొప్పింపగా, మొక్క తానే క్రై1ఎసి యను మాంసకృత్తును బుట్టించును. కాయతొలుచు పురుగు దానిని దినెనా, క్షారగుణముగల దాని ప్రేవులలో నది కరగి, ఆ ప్రేవులను ఛిద్రముచేసి చంపును. మనుష్యుల జీర్ణకోశ మట్టిది కాదు గనుక వాగునీరు విషమయ్యెనని యెవరును బెదరవలదు. అయితే ఈ మాంసకృత్తు కాయలోనే కాక ఆకునందును కాండమునందును గూడ నుండును. పురుగులలో వాగు నాశ్రయించి బ్రదుకునవి యెన్నో కలవు. రాలినయాకును దిని మట్టిలో గలుపునవి యవియే, చేపల కాహారమును అవియే.

అమెరికాలోని ఇండియానా రాష్ట్రమున, మొక్కజొన్న పొలముల చెంతగల వాగులను 217 తావులలో శాస్త్రజ్ఞులు పరీక్షించి 2010లో ఫలితములు ప్రకటించిరి. పంట కోసి యాఱు మాసములు గడచినను నూటికి 86 తావులలో ఆకులు, కండెలు నీటనే యుండెను. 50 తావుల నీటిలో బి.టి. మాంసకృత్తు కరగి కనబడెను. ఒక గ్రామును నూఱుకోట్ల భాగములు చేసినచో, అట్టివి లీటరునకు సగటున 14 మాత్రమే. అంతకు ముందు 2007లో, ఆకుముక్కలతో గూడుకట్టుకొని నీటనుండు నొక జాతి పురుగు అట్టి యాకులు దిని సరిగా నెదుగలేదని ప్రకటింపబడగా, కొందఱు దానిని తీవ్రముగ నాక్షేపించిరి. తరువాతి పరీక్షలు కొన్నింట హాని యంతగా గానరాలేదు. ఆ వివాదమున తీర్పు చెప్పుట మా పని కాదు.

ఇండియానా మొక్కజొన్న వాగు వేఱు, మన ప్రత్తి వాగు వేఱు. మనవి వేసవిలో మడుగులై మిగిలి, తొలకరికి నొక్కనాడే పొంగును. 2006 మొదలు వచ్చిన మన ప్రత్తిలో నొకటి కాదు, రెండు మాంసకృత్తులున్నవి. గులాబిరంగు పురుగు ఆ రెంటికిని లొంగకపోవుటచే రైతు మరల మందులు చల్లక తప్పుట లేదు. అవియును వాగులోనికే పోవును. కావున పరదేశపు భయమును దెచ్చుకొన నక్కఱలేదు, పరదేశపు ధైర్యమును అరువు తెచ్చుకొనరాదు.

2019లో నల్లమలలో యురేనియము మాట వచ్చినపుడు అచ్చంపేట, ఆమ్రాబాదు ప్రజలు నీటికొఱకును అడవికొఱకును నిలువగా, శాసనసభయే దానికి వ్యతిరేకముగ తీర్మానించెను. ప్రత్తికట్టె యురేనియము కాదు, నిజమే. కాని అడిగిన నీటిగుఱించి మాత్రమే పరీక్షలు జరుగుట మన దేశమున నలవాటైపోయినది.

ఆచార్య జయశంకర్ వ్యవసాయ విశ్వవిద్యాలయమును, రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలియు గలసి, విత్తుటకు ముందును, తొలి వరదనాడును, కట్టె పెఱికిన పిదపను ఇచ్చటి వాగుల నీటిని, అడుగు బురదను, పురుగులను పరీక్షింపవలెను. వ్యయము రైతుపై బడరాదు. విత్తనముపై ఇన్నేండ్లు సొమ్ము గడించిన కంపెనీలు భరింపవలెను. ఫలితము తెలుగున వ్రాసి గ్రామసభలలో జదివి వినిపింపవలెను. పరీక్షలో నేమియు గానరాకున్న నదియును జెప్పవలసినదే.