నేరం డీపీఎఫ్‌ది కాదు

“బీఎస్-6 డీజిల్ బండా? వద్దు బాబోయ్!” ఏ మెకానిక్ షెడ్డుకు వెళ్ళినా ఇప్పుడు ఇదే మాట. 2020 ఏప్రిల్ 1న ఆ కాలుష్య ప్రమాణాలు దేశమంతా అమల్లోకి వచ్చినప్పటి నుంచీ టర్బో పోయినా, ఇంజెక్టర్లు పోయినా నింద మాత్రం సైలెన్సర్ లైన్లో కూర్చున్న డీపీఎఫ్ మీదకే. పొగలోని మసిని పట్టే ఈ ఫిల్టర్ ఇంజన్ గొంతు నులుముతోందట. పీకి పారేస్తే బండి పాత డీజిళ్ళలా లక్షల కిలోమీటర్లు తిరుగుతుందట. ఈ వాదనలో పాత బళ్ళ మీద మమకారమే తప్ప ఇంజన్ సంగతి తక్కువ.

పాతవి అంత గట్టివైతే విజయవాడ ఆటోనగర్‌లో బోరింగ్ షెడ్లు, పంపు-నాజిల్ కాలిబ్రేషన్ షాపులు ఇన్నేళ్ళు దేనిమీద బతికాయి? అంబాసిడర్ డీజిల్, సుమో, తొలినాళ్ళ ఇండికా... ఇవేవీ బోరుకు రాలేదా? అప్పట్లో ఇంజన్ విప్పడం మామూలు ఖర్చుల్లో ఒకటి, అంతే. నిజమే, కల్తీ డీజిల్ పోసినా అవి కొంతకాలం ఓర్చుకునేవి, నల్లపొగ కక్కుతూనైనా ఇల్లు చేర్చేవి.

డీపీఎఫ్‌లో పోగైన మసి కాలాలంటే దాదాపు 600 డిగ్రీల వేడి కావాలి. కూకట్‌పల్లి నుంచి హైటెక్ సిటీకి ట్రాఫిక్‌లో ఈడ్చుకుంటూ వెళ్ళే బండికి అంత వేడెక్కడిది? అందుకని ఇంజన్‌ను నడిపే కంప్యూటర్ ఈసీయూ కలగజేసుకుని సిలిండర్లోకి ఆలస్యంగా కాస్త డీజిల్ అదనంగా చిమ్మిస్తుంది. అది సైలెన్సర్ లైన్లోకి పోయి మండి వేడి పుట్టిస్తుంది. ఐడిలింగ్ పెరుగుతుంది, ఫ్యాన్ హోరెత్తుతుంది, కాలిన వాసన వస్తుంది. సరిగ్గా అప్పుడే ఆఫీసు వచ్చేస్తుంది. సెల్లార్లో బండి పెట్టి ఆపేస్తాం. సగం ఉడికిన అన్నం దించేసి సాయంత్రం మళ్ళీ పొయ్యెక్కించినట్టు, రోజూ ఇదే తంతు.

ఇలా చిమ్మిన డీజిల్లో కొంత సిలిండర్ గోడల వెంట జారి ఇంజన్ అడుగున సంప్‌లోని ఆయిల్లో కలుస్తుంది. అలాంటి బండి డిప్‌స్టిక్ తీసి చూడండి. ఆయిల్ పై గీత దాటి ఉంటుంది, వేళ్ళ మధ్య రాస్తే నీళ్ళలా జారుతుంది, ముక్కు దగ్గర పెడితే డీజిల్ కంపు కొడుతుంది. దాన్ని చూసి “చుక్క ఆయిల్ తాగలేదండీ, ఇంజన్ మంచి కండిషన్‌లో ఉంది” అని మురిసిపోయేవాళ్ళున్నారు! నిమిషానికి లక్షసార్లకు పైగా తిరిగే టర్బో షాఫ్ట్‌కు ఆధారం బేరింగ్‌లోని సన్నటి ఆయిల్ పొరే. అది పలచబడ్డాక టర్బో పోవడంలో వింతేముంది?

ఆ పోసే ఆయిలైనా సరైనదా? మసి కాలుతుంది గానీ ఆయిల్ మిగిల్చే బూడిద కాలదు, ఫిల్టర్లోనే ఉండిపోతుంది. అందుకే మాన్యువల్లో బూడిద తక్కువుండే గ్రేడు రాస్తారు. డబ్బా మీద 5డబ్ల్యూ-30 కనిపిస్తే చాలనుకుని చవకది పోయించేవాడికి ఫిల్టర్‌ను తిట్టే హక్కెక్కడిది?

కంపెనీలనూ వదలకూడదు. పది, పదిహేను వేల కిలోమీటర్లకోసారి ఆయిల్ మారిస్తే చాలని గొప్పగా చెబుతాయి. ట్రాఫిక్‌లో గంట నడిచిన బండి మీటర్‌లో పది కిలోమీటర్లే పడతాయి, ఇంజన్‌కు మాత్రం గంట గంటే. వాడకం కఠినమైతే ముందే మార్చాలన్న ముక్క మాన్యువల్లో ఏదో మూల ఉంటుంది. ఆ పేజీ మనకు తిప్పి చూపించే నాథుడు లేడు. అసలు ఇంత తక్కువ తిరిగేవాళ్ళు డీజిల్ బండి ఎందుకు కొంటున్నారు? 2014 అక్టోబరులో డీజిల్ ధర మీద నియంత్రణ ఎత్తేసేదాకా పెట్రోలుకూ దానికీ తేడా బాగా ఉండేది. ఆ లెక్క మన బుర్రల్లోంచి ఇంకా పోలేదు. షోరూముల్లో “డీజిల్ తీసుకోండి సార్, మైలేజీ వస్తుంది” అంటారే గానీ “రోజుకు ఎంత తిరుగుతారు?” అని అడిగేవాళ్ళేరీ? పదిహేను కిలోమీటర్లు తిరిగేవారికి పెట్రోల్ బండి అమ్మి ఉంటే ఈ గొడవలో సగం ఉండేది కాదు.

ఇంజెక్టర్ల సంగతి వేరు. 1,600 బార్, ఆ పైన ఒత్తిడితో వెంట్రుకంత సన్నని రంధ్రాల గుండా డీజిల్ చిమ్మే వస్తువు అది. నీటి చెమ్మ దానికి విషం. డీజిల్ ఫిల్టర్లో నీళ్ళు చేరితే డ్యాష్‌బోర్డు మీద దీపం వెలుగుతుంది. అడుగున స్క్రూ వదులు చేసి ఆ నీళ్ళు తీసేయడం చిన్నపని. దీపం చూస్తూనే వారాలు తిప్పి, ఇంజెక్టర్లు పోయాక ‘బీఎస్-6 ఇంతే’ అంటే ఎలా?

ఇక పీకేయించడం. ఫిల్టర్ తీసి ఈసీయూను రీమ్యాప్ చేయిస్తే ఆయిల్లో డీజిల్ కలవడం తగ్గుతుంది, ఒప్పుకుంటాను. నీళ్ళ డీజిలూ, చవక ఆయిలూ, హైవే మీద తోలుకొచ్చిన వేడి టర్బోను టక్కున ఆపేసే అలవాటూ మాత్రం ఎక్కడికీ పోవు. మోటారు వాహనాల చట్టం 182ఏ సెక్షన్ కింద అనుమతి లేని మార్పు చేయించిన యజమానికి ఆర్నెల్ల దాకా జైలు, ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం 2012లోనే డీజిల్ పొగను క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చింది. ఫిల్టర్ పీకించినవాడు అద్దాలెత్తుకుని ఏసీలో పోతాడు. ఆ పొగ పీల్చేది వెనక ఆటోలో, స్కూటీ మీద వచ్చేవాళ్ళు. ఇలాంటి బళ్ళకు పొగ తనిఖీ సర్టిఫికెట్లు ఎలా దొరుకుతున్నాయో రాయాలంటే మరో వ్యాసం కావాలి.