నోటి మాట, చేతి రాత

కిందటి నెలలో డిగ్రీ చదువుతున్న ఒక అమ్మాయి మా పత్రికకు వ్యాసం పంపింది. పోచంపల్లి వైపు నేత కుటుంబం వాళ్లది. నాయనమ్మ గురించి రాశానని ఉత్తరంలో చెప్పింది. వ్యాసంలో మాత్రం చేనేత రంగం, సంక్షోభం, ప్రభుత్వ చర్యల ఆవశ్యకత ఉన్నాయి. నాయనమ్మ లేదు. ఫోన్ చేసి అడిగాను. ఇక ఆ పిల్ల చెప్పడం మొదలుపెట్టింది. చీరకు ఆసు ఎలా పోస్తారో, అంటే నేతకు ముందు మేకుల చుట్టూ దారం ఎలా తిప్పుతారో, చెయ్యి ఎన్ని వేలసార్లు అటూ ఇటూ తిరగాలో, రాత్రికి నాయనమ్మ భుజం పైకి లేవక జడ కూడా కోడలే ఎలా వేయాల్సి వచ్చేదో అన్నీ చెప్పింది. "ఇప్పుడు చెప్పావే, అదే రాయమ్మా" అన్నాను. కాసేపు ఆగి, "అట్ల రాస్తే మార్కులు పోతయి కద సార్" అంది.

ఈ భయానికి నూరేళ్లు దాటాయి. 1911 నుంచి 1914 వరకు మద్రాసు విశ్వవిద్యాలయంలో నడిచిన గొడవ అంతా ఇదే. పరీక్షలో వ్యాసం రాసే విద్యార్థి ఏ తెలుగులో రాయాలి, పుస్తకాల గ్రాంథికంలోనా, వాడుక భాషలోనా? శిష్టులు మాట్లాడే తెలుగులో రాయనివ్వమని గిడుగు రామమూర్తి ఊరూరా తిరిగి వాదించారు. గురజాడ అప్పారావు 1914లో తన అసమ్మతిని పెద్ద పత్రంగా రాసి విశ్వవిద్యాలయానికి ఇచ్చారు. అప్పటికి వాళ్లు ఓడారు. తరవాత పత్రికలూ కథలూ నవలలూ వాళ్లనే గెలిపించాయి. గిడుగు పుట్టిన ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం.

కానీ ఆ గెలుపు సగమే. వాడుక భాషలో రాయవచ్చునని ఒప్పుకున్నాం, ఎలా రాయాలో మాత్రం నేర్పలేదు. మాట్లాడినట్టు రాయడం తేలికని అనుకున్నాం. ఆ అమ్మాయి రెండోసారి పంపిన వ్యాసం చూస్తే అది ఎంత కష్టమో తెలుస్తుంది. ఫోన్‌లో గొంతు ఆగిన చోట కాగితం మీద ఏం పెట్టాలో ఆమెకు తోచలేదు. ఆసు తెలియని పాఠకుడికి ఎక్కడ, ఎంత వివరించాలో తెలియలేదు. నోటికి వచ్చింది చేతికి రావాలంటే మధ్యలో ఒక విద్య ఉంది. దానికి మన కాలేజీల్లో పేరు లేదు.

'కమ్యూనికేషన్ స్కిల్స్' అన్న పేరు ఉంది గదా అనవచ్చు. మన దగ్గర ఆ మాటకు అర్థం ఇంగ్లీషు ల్యాబు, హెడ్‌ఫోన్లు, ఇంటర్వ్యూ జవాబులు. అవి అక్కరలేదని ఎవరూ అనరు. జర్నలిజం చదువూ ఉంది. ఉస్మానియాలో 1954లోనే ఆ శాఖ పెట్టారు. అయితే అది పత్రికా వృత్తికి చదువు. ఇక తెలుగు ప్రధానంగా తీసుకున్న విద్యార్థికి ఎక్కువగా దొరికేవి సాహిత్య చరిత్ర, వ్యాకరణం, ఛందస్సు, కావ్యభాగాలు. రాయడమూ మాట్లాడడమూ కలిపి, తెలుగులో, మూడు నాలుగేళ్లపాటు ప్రధాన విషయంగా చదివే చోటు కావాలి. ఆంధ్రప్రదేశ్ డిగ్రీ కాలేజీల్లో 2023 నుంచి ఒకే మేజర్ (ప్రధాన విషయం) పద్ధతి వచ్చింది. ఇలాంటి మేజర్‌ను ఊహించడానికి ఇది తగిన సమయం.

ఆ చదువు వినడంతో మొదలుకావాలి. మనకు దారి వేసిన వాళ్లున్నారు. రాత లేని సవర భాషను గిడుగు సవరల నోటి నుంచే నేర్చుకుని, దానికి వ్యాకరణమూ నిఘంటువూ తయారుచేశారు. భద్రిరాజు కృష్ణమూర్తి మాండలిక వృత్తిపదకోశం కోసం రైతుల దగ్గరికి మనుషులను పంపి, వాళ్లు పలికిన మాటను పలికినట్టే రాయించారు. వ్యవసాయ పదాల సంపుటం 1962లో, చేనేత పదాలది 1971లో వచ్చాయి. ఆ అమ్మాయి వ్యాసంలోంచి తప్పించిన మాటలకు పండితులు ఎప్పుడో నిఘంటువులో పీట వేశారు. తరగతి గదికి ఆ కబురు అందలేదు.

మొదటి ఏడాది విద్యార్థి ఒక పెద్దమనిషి గంటసేపు చెప్పింది విని, మాట మార్చకుండా రాయాలి. రెండో ఏడాది అదే సంగతిని తహసీల్దారుకు అర్జీగా, అయిదు నిమిషాల రేడియో ప్రసంగంగా, అరపేజీ వార్తగా, స్నేహితుడికి ఉత్తరంగా మలచాలి. ఆ పైన సభలో నిలబడి వాదించడం, ఎదుటివాడి వాదం విని జవాబు చెప్పడం, అనువాదం, ఇతరుల రాతను దిద్దడం నేర్వాలి. చివరి ఏడాది జనం మధ్యకు వెళ్లాలి. ఆసుపత్రిలో ఆపరేషన్‌కు ముందు సంతకం పెట్టించే కాగితం, బ్యాంకు రుణపత్రం, భూమి దస్తావేజు, ఇవన్నీ సంతకం పెట్టేవాడికి అర్థమయ్యే తెలుగులో తిరగరాయాలి. అర్థంకాని కాగితం మీద వేలిముద్ర వేసి పొలం పోగొట్టుకున్న వాళ్లున్న దేశంలో ఇంతకన్నా పెద్ద భాషాసేవ లేదు.

ఒక జాగ్రత్త మాత్రం అవసరం. వాడుక భాష గెలిచినప్పుడు మధ్య కోస్తాలో చదువుకున్న కుటుంబాల వాడుకే ఎక్కువగా అచ్చుకెక్కింది. పాలమూరు, అనంతపురం, శ్రీకాకుళం పిల్లలకు అదీ మరో గ్రాంథికమే అయింది. కొత్త చదువు ఆ తప్పు మళ్లీ చేయకూడదు. ఇంటి తెలుగును విడవకుండానే నలుగురికీ అందే తెలుగు రాయవచ్చని ఆ పిల్లలకు చూపించాలి.

ఆ అమ్మాయి తన వ్యాసాన్ని మూడుసార్లు తిరగరాసింది. ఈ సంచికలో వేస్తున్నాం. ఆసు, కండె, పడుగు, పేక వంటి నేత మాటలన్నీ అందులో ఉన్నాయి. నాయనమ్మ భుజం నొప్పీ ఉంది. ప్రతి తిరగరాతకూ మేము ఫోన్ చేసి మాట్లాడాం. ఆ మాట్లాడడం కాలేజీలో ఒక ఉపాధ్యాయుడి పని. ఆ ఉపాధ్యాయుణ్ణి నియమించమని అడుగుతున్నాం.