తన పాట తానే పాడుకున్న నటి

ఈ మాసం మా శీర్షికలో శ్రీమతి భానుమతీ రామకృష్ణ గారిని స్మరించుకోదలచాము. పాత చిత్రాల ప్రసక్తి వస్తే మా ఇంట వాగ్వాదానికి మూలకారణం ఆవిడే గనుక ఆ సంగతీ చెప్పక తప్పదు.

1925 సెప్టెంబరు 7న ఒంగోలు ప్రాంతంలోని దొడ్డవరంలో జన్మించిన భానుమతికి తండ్రి గారే తొలి సంగీత గురువు. పధ్నాలుగేళ్లు నిండీ నిండని వయసులో, సి. పుల్లయ్య గారి 'వరవిక్రయం' (1939)లో కాళింది పాత్ర ధరించారు. కట్నమిచ్చి కొన్న వరుణ్ణి కట్టుకోవడం కంటే చావే నయమనుకున్న పిల్ల ఆ కాళింది. ఆ రోజుల్లో పాట వచ్చినవారికే వేషం. తరువాత నేపథ్యగానం స్థిరపడి, ఒకరి పెదవులకు మరొకరి గొంతు అమర్చడం పరిపాటి అయిన పిదప కూడా ఆమె తన పాట తానే పాడుకున్నారు. 'స్వర్గసీమ' (1945), 'మల్లీశ్వరి' (1951) చూచినవారికి అభినయం ఎక్కడ ముగిసి గానం ఎక్కడ ఆరంభమైనదో చెప్పడం కష్టం.

అయితే మా వంటి ఇంజనీర్లకు విస్మయం గొలిపేది 'చండీరాణి' (1953). భర్త రామకృష్ణ గారితో కలిసి నెలకొల్పిన భరణీ సంస్థ పక్షాన ఆ చిత్రాన్ని తెలుగు, తమిళ, హిందీ భాషలు మూడింటా తీశారు. దర్శకత్వం ఆవిడదే, ద్విపాత్రాభినయమూ ఆవిడదే. మూడు షిఫ్టుల కర్మాగారంలో పనిచేసినవారికి ఆ శ్రమ ఎటువంటిదో వేరే చెప్పనక్కరలేదు.

ఇక వాగ్వాదం మాట. 'మిస్సమ్మ' (1955)లో కథానాయిక మొదట భానుమతే. కొంత చిత్రీకరణ కూడా జరిగింది. నిర్మాతలతో పొసగక ఆమె తప్పుకోగా ఆ పాత్ర సావిత్రి గారికి దక్కింది, ఆవిడ కీర్తికి పెద్ద మెట్టయింది. ఒక్క మెట్టు దిగి ఉంటే ఏం పోయేదని మా శ్రీమతి ప్రశ్న. దిగితే ఆవిడ భానుమతి ఎలా అవుతారని మా వాదం. సావిత్రి లేని 'మిస్సమ్మ'ను ఊహించుకోమన్నప్పుడు మాత్రం మా వద్ద సమాధానం ఉండదు.

కలం పట్టి 'అత్తగారి కథలు' వ్రాసినప్పుడు ఆ పట్టుదల గల మనిషే అత్తగారి ఆచారాలనూ, కోడలిగా తన అవస్థలనూ చూచి హాయిగా నవ్వుకున్నారు. 1966లో పద్మశ్రీ, 2001లో పద్మభూషణ్ అందుకుని, 2005 డిసెంబరు 24న చెన్నైలో కన్నుమూశారు. అరవై ఏళ్లకు చేరువలో 'మంగమ్మగారి మనవడు' (1984)లో నాయనమ్మగా వచ్చినప్పుడు కూడా తెరమీద ఆవిడకు గొంతు ఆవిడదే.