రివిజన్‌కు చోటు లేని టైంటేబుల్‌ను చింపేయండి

హైదరాబాద్ అమీర్‌పేట హాస్టళ్లలో ఎంటెక్ ప్రవేశ పరీక్ష గేట్‌కు చదివే పిల్లల గోడల మీద టైంటేబుళ్లు చూడండి. తెల్లవారుజామున అయిదు నుంచి రాత్రి పదకొండు దాకా గడులే గడులు. నెట్‌వర్క్స్, సిగ్నల్స్, కంట్రోల్ సిస్టమ్స్ వరసగా ఉంటాయి. రివిజన్ మాత్రం అట్టడుగున, జనవరిలో, "టైం ఉంటే" అన్నట్టుంటుంది. ఆ టైం ఎవరికీ మిగలదు. జూన్‌లో చదివింది డిసెంబరుకు ఆవిరైపోతుంది. అప్పుడు తనకు తెలివి లేదని ఆ బిడ్డ ఏడుస్తాడు. తప్పు తెలివిది కాదు, ఆ కాగితానిది.

ఆ కాగితాన్ని వాడి చేతిలో పెట్టిందెవరు? రోజుకు పద్నాలుగు గంటలు కూర్చుంటేనే ఐఐటీ అని ఊదరగొట్టేవాళ్లు. వందల గంటల వీడియోలు అమ్ముకునేవాళ్లకు సిలబస్ ముగియడమే లెక్క. బుర్రలో ఏం మిగిలిందో వాళ్లకు అక్కర్లేదు.

చదివినదాన్ని వదిలేస్తే ఎంత వేగంగా మరిచిపోతామో 1885లోనే హెర్మన్ ఎబ్బింగ్‌హాస్ తన మీద తానే ప్రయోగాలు చేసి చూపించాడు. 2006లో అమెరికాలో రోడిగర్, కార్పికె అనే పరిశోధకులు విద్యార్థుల మీద మరో పరీక్ష చేశారు. ఒకే పాఠాన్ని పదేపదే చదివినవాళ్లకు అయిదు నిమిషాల తర్వాత ఎక్కువ గుర్తుంది. వారం తర్వాత మాత్రం, పుస్తకం మూసి గుర్తు తెచ్చుకుని రాసినవాళ్లే ముందున్నారు. ఇంత తెలిసి కూడా పిల్లల చేత హైలైటర్లు అరగదీయించడం అన్యాయం.

ఇక గేట్ పరీక్ష తీరు చూడండి. మూడు గంటలు, 65 ప్రశ్నలు, 100 మార్కులు. అందులో 15 మార్కులు ఆప్టిట్యూడ్‌వే. చాలా ఇంజినీరింగ్ పేపర్లలో మ్యాథ్స్‌కు మరో 13 వరకు ఉంటాయి. ఈ రెండింటినీ "చివర్లో చూసుకుందాం" అని పక్కన పడేస్తారు. రెండు మార్కుల మల్టిపుల్ ఛాయిస్ బిట్టు తప్పితే మార్కులో మూడింట రెండు వంతులు కోత. ఇంట్లో చేతి కాలిక్యులేటర్‌తో లెక్కలు చేసినవాడు, పరీక్షలో తెర మీది కాలిక్యులేటర్‌ను మౌస్‌తో ఒక్కో అంకె నొక్కుతూ తడబడతాడు. వచ్చిన లెక్కే చేజారిపోతుంది. ఇవన్నీ వీడియో చూస్తే వచ్చేవి కావు, టెస్టులు రాస్తేనే వస్తాయి.

అందుకే చెబుతున్నాను. ప్రణాళికను పరీక్ష జరిగే ఫిబ్రవరి నుంచి వెనక్కి వేయండి. చివరి రెండు నెలలను రివిజన్‌కు, పూర్తి మాక్ టెస్టులకు ముందే కేటాయించి, మిగిలిన రోజుల్లోనే కొత్త పాఠాలు సర్దండి. వారంలో ఒక రోజు పాత పాఠాలదే. ఆ రోజు పుస్తకం మూసి, తెల్లకాగితం మీద సూత్రాలు రాయండి. తప్పిన ప్రతి బిట్టుకూ కారణం నోటుబుక్కులో ఎక్కించండి: "మిల్లీయాంపియర్లను యాంపియర్లుగా మార్చలేదు", "ప్రశ్న సగమే చదివాను". పది రోజులకు ఆ బిట్టును మళ్లీ చేయండి. ప్రీవియస్ పేపర్లు, ఎన్‌పీటెల్ పాఠాలు ఉచితంగానే దొరుకుతాయి. అప్పు చేసి కోర్సు మీద కోర్సు కొనకండి.

దీనివల్ల రెండు చాప్టర్లు మిగిలిపోతే పోనివ్వండి. సగం గుర్తున్న పది సబ్జెక్టుల కంటే గట్టిగా వచ్చిన ఏడు సబ్జెక్టులే మీకు సీటు తెస్తాయి.